బెజవాడ, గుంటూరు నుంచి దూర ప్రయాణానికి అద్దె కారు: రేటు అడిగేముందు తేల్చుకోవాల్సినవి

ట్రావెల్స్‌కి ఫోన్ చేసి అందరూ మొదట అడిగేది "కిలోమీటరుకి ఎంత?" అనే. ఒకే రకం బండికి ఆ రేటు ఒక ఆఫీసుకీ ఇంకో ఆఫీసుకీ రూపాయో, రెండు రూపాయలో తేడా ఉంటుంది. బిల్లును వేలల్లో పెంచేవి వేరే ఉన్నాయి: రోజును ఎలా లెక్కపెడతారు, మీటరు ఎక్కడ మొదలవుతుంది, రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లకు డబ్బు తీసుకుంటారు. ఈ మూడూ తేలకుండా రేటు మీద ఎంత బేరమాడినా మిగిలేది తక్కువే.

రోజు లెక్క

ఊరు దాటే ట్రిప్పులకు మన వైపు ఎక్కువమంది రోజుకు 300 కిలోమీటర్ల మినిమం పెడతారు. కొందరు 250 అంటారు. మీరు 80 కిలోమీటర్లే తిరిగిన రోజు కూడా 300కి కట్టినట్టే. అయితే మొత్తం ట్రిప్పు మీద సగటు తీస్తారు కాబట్టి, ఒక రోజు 500, మర్నాడు 100 తిరిగితే మొత్తం 600 సరిపోతుంది. రోజుకారోజు విడిగా లెక్కేస్తామనే వాళ్లూ లేకపోలేదు. వాళ్ల చేతిలో ఇదే ట్రిప్పు 800 అవుతుంది. అందుకే ముందే అడగాలి.

అసలు చిక్కు "రోజు" అంటే ఏమిటన్న దగ్గర ఉంది. చాలామందికి అది అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. శుక్రవారం రాత్రి 10కి విజయవాడలో బయల్దేరి తిరుపతి చూసుకుని సోమవారం ఉదయం 6కి ఇల్లు చేరారనుకోండి. గడిచింది 56 గంటలు. 24 గంటల లెక్కలో అది 3 రోజులు, తేదీల లెక్కలో శుక్ర, శని, ఆది, సోమ కలిపి 4 రోజులు. రానూపోనూ, అక్కడ తిరిగినవీ కలిపి 900 కిలోమీటర్లయితే, మొదటి లెక్కలో బిల్లు 900కే వస్తుంది, రెండో లెక్కలో 1,200కి. కిలోమీటరు 15 రూపాయలు అనుకుంటే తేడా 4,500. పైన ఒక రోజు డ్రైవరు బత్తా అదనం. శుక్రవారంలో వాడుకున్న రెండు గంటల ఖరీదు అది.

దీనికి విరుగుడు తేలికే. శనివారం తెల్లవారుజామున 5కి బయల్దేరి, సోమవారం రాత్రిలోపు తిరిగొస్తే తేదీల లెక్కలోనూ 3 రోజులే. రాత్రి ప్రయాణం బెడదా తప్పుతుంది. వీలు కాకపోతే 24 గంటల లెక్కకు ఒప్పించండి. సీజను కాని రోజుల్లో చాలామంది ఒప్పుకుంటారు.

దగ్గరి ఊరికి వెళ్లి నాలుగు రోజులు అక్కడే ఉండే ట్రిప్పుకు ఈ మినిమం పద్ధతి అసలు పనికిరాదు. 260 కిలోమీటర్ల దూరం వెళ్లి వచ్చి, అక్కడో 60 తిరిగితే 580. కట్టేది మాత్రం 1,200కి. అలాంటప్పుడు వెళ్లేటప్పుడొక బండి, వచ్చేటప్పుడొక బండి డ్రాప్ (దించేసి వెళ్లిపోయే కిరాయి) కింద మాట్లాడుకోవడం మేలు. డ్రాప్‌కి కూడా చాలామంది ఖాళీగా తిరిగొచ్చే దూరం కలిపే అడుగుతారు కానీ, హైదరాబాదు, విశాఖ లాంటి రద్దీ దారుల్లో ఒకవైపు కిరాయికే వచ్చేవాళ్లు దొరుకుతారు.

మీటరు ఎక్కడ మొదలు?

షెడ్డు నుంచి షెడ్డుకి అన్నది రివాజు. అంటే బండి ఆఫీసు దగ్గర బయల్దేరినప్పటి నుంచి తిరిగి అక్కడికి చేరేదాకా. ఊళ్లోని బండే అయితే ఐదో పదో కిలోమీటర్లు, పట్టించుకోనక్కర్లేదు. గుంటూరులో ఉంటూ రేటు తక్కువని విజయవాడ బండి మాట్లాడుకుంటే మాత్రం రావడానికి 35, వెళ్లడానికి 35, వెరసి 70 కిలోమీటర్లు మీ ఖాతాలో పడతాయి. కిలోమీటరుకు రూపాయి తగ్గించుకుని సంపాదించినదంతా అక్కడే పోతుంది. బ్రాడీపేటలోనో లక్ష్మీపురంలోనో ఉండేవాళ్లకు గుంటూరు బండే లాభం.

ఫోన్‌లో మాట్లాడుకున్నదంతా వాట్సాప్‌లో ఒక మెసేజిగా పెట్టి, అవతలి వాళ్ల చేత "ఓకే" అనిపించుకోండి. ఇలా ఉంటే చాలు:

"ఎర్టిగా, టాక్సీ ప్లేటు, డీజిలా పెట్రోలా సీఎన్‌జీయా. ఫలానా తేదీ ఉదయం 5కి మా ఇంటి దగ్గర. మూడు రోజులు, 24 గంటల లెక్క. కిలోమీటరుకు ఇంత, రోజుకు 300 సగటు మినిమం. డ్రైవరు బత్తా రోజుకు ఇంత, నైట్ హాల్ట్ విడిగా లేదు. టోలు, పార్కింగు మావి. పర్మిట్, రాష్ట్ర పన్ను మీవి. ఏసీ అన్ని వేళలా. బండి ఆగిపోతే ఇన్ని గంటల్లో వేరే బండి. అడ్వాన్సు ఇంత."

నైట్ హాల్ట్ అన్న మాట మీద ప్రత్యేకంగా కన్నేయండి. బత్తాలోనే రాత్రి కూడా కలిసి ఉందనుకుంటాం. బిల్లులో అది వేరే పద్దుగా కనిపిస్తుంది. ఘాట్ రోడ్డు ఎక్కితే ఏసీ ఆపేస్తామనీ, ఘాట్‌కి అదనంగా ఇవ్వాలనీ అనేవాళ్లూ ఉంటారు. అదీ ముందే.

పర్మిట్ సంగతి. తమిళనాడు, కర్ణాటకలే కాదు, హైదరాబాదు కూడా ఇప్పుడు పక్క రాష్ట్రమే. బండికి ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉంటే ఇబ్బంది లేదు. లేకపోతే ప్రతి రాష్ట్రానికీ తాత్కాలిక పర్మిట్ తీసుకుని పన్ను కట్టాలి. అరుణాచలం గిరి ప్రదక్షిణకు వెళ్తూ దారిలో కంచి, తిరుత్తణి చూసుకుందామనుకునే వాళ్లు ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి. "పర్మిట్ ఉందా" అంటే "ఉంది" అనే అంటారు. "ఆల్ ఇండియానా, ఆంధ్రా వరకేనా" అని అడిగితేనే అసలు జవాబు వస్తుంది.

నంబరు ప్లేటు చూడండి

పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే డ్రైవరుతో వచ్చే టాక్సీ. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే మీరే నడుపుకోవడానికి అద్దెకిచ్చే బండి. తెల్ల ప్లేటు సొంత వాడకానికి. ఎలక్ట్రిక్ బండ్లకు ఆకుపచ్చ ప్లేటు ఉంటుంది, అందులో అద్దెవాటికి అక్షరాలు పసుపు రంగులో ఉంటాయి.

ఓన్ ప్లేటు, అంటే తెల్ల ప్లేటు బండిని తక్కువకు ఇస్తామనే వాళ్లు రెండు ఊళ్లలోనూ బోలెడుమంది. సొంత వాడకం బండి పాలసీలో కిరాయికి తిప్పడం చేరదు. ప్రమాదం జరిగి, అద్దెకు తీసుకున్న సంగతి తేలితే బీమా కంపెనీ క్లెయిమును కొట్టేయొచ్చు. దారిలో ఆర్టీయే వాళ్లు ఆపి సీజ్ చేస్తే సామానుతో, పెద్దవాళ్లతో రోడ్డు మీద నిలబడేది మీరు. "ఎవరైనా అడిగితే మా బంధువుల బండి అని చెప్పండి" అన్న సలహా వినిపించిందంటే ఆ బండి వద్దు.

బండి నంబరు ముందురోజే తెప్పించుకుని ఎంపరివాహన్ యాప్‌లో కొట్టండి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ గడువులు కనిపిస్తాయి. టాక్సీకి ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. మీరు తిరిగొచ్చే తేదీ దాకా అన్నీ చెల్లాలి. ట్రిప్పు మధ్యలో ఇన్సూరెన్స్ అయిపోయే బండ్లు అరుదేం కాదు.

ఎంతమందికి ఏ బండి

ఏడు సీట్లంటే డ్రైవరుతో కలిపి. అంటే మీరు ఆరుగురు. ఆరుగురూ కూర్చుంటే ఎర్టిగా డిక్కీలో మిగిలేది 209 లీటర్ల చోటు, రెండు చిన్న బ్యాగులతో నిండిపోతుంది. వెనక వరుస మడిస్తే 550 లీటర్లు. కాబట్టి మూడు రోజుల సామానుతో ఎర్టిగాలో హాయిగా వెళ్లగలిగేది నలుగురే. ఆరుగురైతే ఇన్నోవా, లేదా ఎర్టిగా మీద క్యారియరు ఉండాలి. క్యారియరుతో పాటు తాడు, టార్పాలిన్ కూడా ఉన్నాయో లేదో అడగండి. వర్షాకాలంలో టార్పాలిన్ లేని క్యారియరు ఉన్నా లేనట్టే.

సీఎన్‌జీ డిజైర్ అయితే డిక్కీలో సిలిండరు కూర్చుని ఉంటుంది. పెద్ద సూట్‌కేసు పట్టదు. పైగా డ్రైవరు గ్యాసు బంకు కనిపించినప్పుడల్లా క్యూలో నిలబడతాడు. ఊళ్లో తిరగడానికి బాగుంటుంది కానీ 400 కిలోమీటర్ల ప్రయాణానికి విసుగు. తీసుకోక తప్పకపోతే సిలిండరుకు మూడేళ్లకోసారి చేయించాల్సిన పరీక్ష గడువు చూడండి, తేదీ సిలిండరు ప్లేటు మీద ఉంటుంది.

ఎనిమిది మంది దాటితే రెండు కార్ల కంటే టెంపో ట్రావెలర్ చవక. ఘాట్ రోడ్లలో వెనక సీట్ల వాళ్లకు వాంతులు మాత్రం ఖాయం.

దసరా, కార్తీక మాసం, సంక్రాంతి, శబరిమల సీజను, పెళ్లి ముహూర్తాలు ఎక్కువున్న వారాల్లో ఇన్నోవాలు దొరకవు. దొరికినా, చెప్పిన బండి కాకుండా వేరేది పంపుతారు. బండి నంబరు ముందే రాయించుకోవడానికి ఇదీ ఒక కారణం.

బయల్దేరే ముందు పది నిమిషాలు

వీలైతే ముందురోజు సాయంత్రం బండి చూడండి. తెల్లవారుజామున 5కి చీకట్లో ఏమీ కనపడదు, లోపం కనిపించినా వేరే బండి దొరకదు.

టైర్లు ముఖ్యం. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని నిబంధన. కొలవనక్కర్లేదు: గాళ్ల మధ్యలో అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి, టైరు పైభాగం వాటితో సమానంగా అరిగిపోయి ఉంటే దాని పని అయిపోయింది. టైరు పక్కభాగం మీద నాలుగంకెలు ఉంటాయి. 2323 అంటే 2023లో 23వ వారం తయారీ. గాడి బాగానే ఉన్నా ఐదారేళ్లు దాటిన టైరు రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. మే నెల ఎండలో హైవే మీద పేలేవి ఎక్కువగా ఇలాంటివీ, గాలి తక్కువైనవీ. గాలి తగ్గితే టైరు పక్కభాగం అదేపనిగా వంగి వేడెక్కుతుంది. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు అంచున స్టిక్కరు మీద రాసి ఉంటుంది. నిండా మనుషులు, సామాను ఉంటే అందులోనే ఫుల్ లోడుకు వేరే అంకె ఉంటుంది, అది కొట్టించాలి. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

స్టెప్నీ గాలి కూడా చూడండి. జాకీ, వీల్ స్పానరు కళ్లతో చూడనిదే నమ్మొద్దు. ఆ రెండూ ఒక బండి నుంచి ఇంకో బండికి మారుతూ ఉంటాయి.

వెనక సీటు బెల్టులు: ఉంటాయి, కానీ బకిల్స్ సీటు కవర్ల కింద పూడిపోయి ఉంటాయి. బయటికి తీయించండి. వెనక కూర్చున్నవాళ్లకూ బెల్టు తప్పనిసరి, లేకపోతే 1,000 రూపాయల జరిమానా. చివరి వరుసలో ఏసీ గాలి వస్తోందా, వైపర్లు అద్దాన్ని శుభ్రంగా తుడుస్తున్నాయా, లో బీమ్ రెండు వైపులా వెలుగుతోందా చూడండి. బ్రేకు పెడల్ తొక్కితే మెత్తగా లోపలికి దిగిపోతుంటే ఆ బండి ఘాట్‌కి పనికిరాదు. విజయవాడలో అయితే ఆటోనగర్ పక్కనే ఉంది, చూపించి తెమ్మనండి.

డ్రైవరు ముందు రాత్రి ఎక్కడి నుంచి వచ్చాడో అడగడం మర్యాద తక్కువేం కాదు. హైదరాబాదు డ్రాప్ వేసి రాత్రి ఒంటిగంటకు వచ్చిన మనిషినే తెల్లవారుజామున మళ్లీ పంపడం సీజనులో మామూలు. తెల్లవారుజామున 2 నుంచి 5 మధ్య నిద్ర ముంచుకొస్తుంది. ఆ వేళ బండి కదలకుండా ప్లాన్ వేసుకోండి. పుణ్యక్షేత్రాల్లో డ్రైవరు కారులోనే ముడుచుకుని పడుకుంటాడు. డార్మిటరీలో ఒక మంచానికయ్యే ఖర్చు చిన్నది, మర్నాడు మీరంతా అతని చేతుల్లో ఉంటారు.

మీరే నడుపుకుంటే

మూడు రోజులకు మించి, ఎక్కువ చోట్ల ఆగుతూ తిరగాలనుకుంటే సెల్ఫ్ డ్రైవ్ చవక. ఒకే రాత్రి 400 కిలోమీటర్లు లాగాలంటే మాత్రం డ్రైవరున్న బండే మంచిది.

తీసుకునేటప్పుడు వీడియో తీయండి, ఇచ్చే మనిషి గొంతు కూడా అందులో పడేలా. నాలుగు వైపులు, పైకప్పు, ముందు బంపరు కింది అంచు, నాలుగు రిమ్ములు, ముందు అద్దం. చివరగా రీడింగు, పెట్రోలు ముల్లు. గొడవలు ఎక్కువగా వచ్చేది బంపరు కింది గీతల మీదా, అద్దం మీద నక్షత్రం లాంటి చిన్న పగుళ్ల మీదా. వంగి చూడకపోతే ఈ రెండూ కనపడవు.

అగ్రిమెంటులో వెతకాల్సినవి: డ్యామేజీ జరిగితే మీరు కట్టాల్సిన గరిష్ఠ మొత్తం ఎంత, బండి రిపేరు షెడ్డులో ఉన్న రోజులకు అద్దె వసూలు చేస్తారా, టైర్లు, క్లచ్ ప్లేటు ఎవరి బాధ్యత. క్లచ్ దాదాపు ఎప్పుడూ మీ మీదే. ఘాట్ ఎక్కుతూ హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టేవాళ్లు దాన్ని ఒక్క రోజులో మాడ్చేయగలరు. ఎత్తులో ఆగాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు వాడండి. అగ్రిమెంటులో పేరు లేని బావమరిదికి స్టీరింగ్ ఇవ్వొద్దు. ప్రమాదం జరిగితే ఖర్చంతా మీ మీద వేయడానికి వాళ్లకు అదొక్కటి చాలు.

హామీగా ఒరిజినల్ ఆధారో, మీ బైకు ఆర్సీయో అడిగే చోట్లు ఉన్నాయి. డబ్బు డిపాజిట్ ఇవ్వండి, అదీ బ్యాంకు ద్వారా. ఒరిజినల్ కాగితాలు ఇస్తే తర్వాత వాళ్లు ఏ డ్యామేజీకి ఎంత చెప్పినా వినాల్సి వస్తుంది. డీజిలు బండిలో బంకు కుర్రాడు పొరపాటున పెట్రోలు పోస్తే తాళం తిప్పొద్దు. ఇంజను స్టార్ట్ చేయకుండా నెట్టి పక్కకు పెట్టి ట్యాంకు ఖాళీ చేయిస్తే నష్టం చిన్నదే. స్టార్ట్ చేస్తే పంపు, ఇంజెక్టర్ల దాకా పోతుంది.

కర్ణాటక, తమిళనాడుల్లో పెట్రోలు, డీజిలు మన దగ్గరి కంటే తక్కువ. తిరుగు ప్రయాణంలో సరిహద్దు దాటకముందే నింపుకోండి.

టోలు, ఘాట్లు, అడవి గేట్లు

టోలు కోసే ఫాస్టాగ్ ఎవరిదో ముందే తేల్చుకోండి. ట్యాగులో బ్యాలెన్సు లేకపోతే 2025 నవంబరు 15 నుంచి యూపీఐకి మామూలు టోలుకు ఒకటింపావు రెట్లు కట్టాలి. అది బండివాళ్ల అజాగ్రత్త కాబట్టి ఆ అదనం మీది కాదని చెప్పొచ్చు. ఏడాది పాస్ సొంత బండ్లకే, టాక్సీకి చెల్లదు. బిల్లులో టోలు మొత్తం సరిచూసుకోవడానికి దారిలో ప్లాజాలు తెలిసుంటే మంచిది. హైదరాబాదు వైపు కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి. నెల్లూరు దాకా కాజ, బొల్లాపల్లి, టంగుటూరు, ముసునూరు. 24 గంటల్లో తిరిగొస్తే తిరుగు టోలులో రాయితీ దానంతటదే పడుతుంది. డ్రైవరు రెండు వైపులా పూర్తి రేటు వేస్తే ట్యాగ్ స్టేట్‌మెంటు అడగండి.

చాలా టాక్సీల్లో స్పీడ్ గవర్నరు 80 దగ్గర ఆపేస్తుంది. టీ, టిఫిను, టోళ్లు కలుపుకుని హైవే మీద గంటకు 55 కిలోమీటర్లు వేసుకుంటే అంచనా తప్పదు. శ్రీశైలానికి ఈ లెక్క చాలా అవసరం. దోర్నాల నుంచి పైకి నల్లమల అడవిలో సుమారు 50 కిలోమీటర్లు. దోర్నాల దగ్గరి అడవి గేటు రాత్రి 9కి మూస్తే ఉదయం 6కి తీస్తారు. గుంటూరు, వినుకొండ, మార్కాపురం మీదుగా వెళ్లే దారిలో రెండు వరుసల రోడ్డు కూడా ఉంది, వేగం తగ్గుతుంది కాబట్టి విజయవాడలో సాయంత్రం 4 దాటాక బయల్దేరితే గేటు దగ్గర రాత్రి గడపడానికి సిద్ధపడాల్సిందే.

తిరుమల వెళ్లేవాళ్లు అలిపిరి తనిఖీకి ముందే డ్యాష్‌బోర్డు అర, తలుపుల జేబులు ఖాళీ చేయించండి. డ్రైవరు మర్చిపోయిన సిగరెట్ పెట్టె వల్ల బండి మొత్తం పక్కకు తీయాల్సి వస్తుంది. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో ఇంజనే బండిని పట్టుకోవాలి. న్యూట్రల్‌లో దించుతూ బ్రేకు మీదే కాలు పెడితే డిస్కులు కాగి పెడల్ మెత్తబడుతుంది, మాడు వాసన వస్తుంది. వాసన రాగానే వెడల్పున్న చోట ఆపి ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలి. నీళ్లు పోయొద్దు, వేడి డిస్కు వంకర పోతుంది.

జాతీయ రహదారి మీద బండి ఆగితే 1033, ప్రమాదమైతే 112, అంబులెన్సుకు 108. బండి కదిలించేముందు ఫోటోలు తీయండి. ఎదుటివాళ్లతో అక్కడికక్కడే డబ్బులతో సర్దుకుంటే తర్వాత బీమా క్లెయిముకు చూపించడానికి ఏమీ మిగలదు. యజమానికి ఫోన్ చేసి, దగ్గరి స్టేషనులో రాయించాకే ముందుకు కదలండి.

లెక్క తేల్చేటప్పుడు

డ్రైవరున్న బండికి ఇంటి దగ్గర దిగిన వెంటనే రీడింగు ఫోటో తీయండి, షెడ్డు దాకా ఎన్ని కిలోమీటర్లో అక్కడే ఒప్పుకోండి. మొదటి రోజు బయల్దేరేటప్పుడు తీసిన రీడింగు ఫోటోతో కలిపి డ్రైవరు ముందే కూడితే ఆఫీసు నుంచి తర్వాత వేరే అంకె రాదు. పార్కింగుకు రసీదులు అడగండి.

సెల్ఫ్ డ్రైవ్ బండికి ఇ-చలాన్లు కొన్ని రోజుల తర్వాత కూడా వస్తాయి, అందుకే డిపాజిట్ కొంత ఆపుకుంటారు. అది న్యాయమే. ఎన్ని రోజులు ఆపుతారో రాయించుకోండి. బండి తీసుకునే రోజే చలాన్ల సైటులో నంబరు కొట్టి, పాతవి ఏమున్నాయో స్క్రీన్‌షాట్ దాచుకుంటే, మీ ముందు తీసుకున్నవాళ్లు సూర్యాపేట దగ్గర 110లో పోయినందుకు మీ డిపాజిట్‌లోంచి కోతపడదు.